ఎవరి ఇంట్లోంచి వెళ్లింది?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. మధ్యయుగాల్లో రాజు, సామంతుడు, గురువు, రైతు అనే అంతరాలు అన్ని వందల ఏళ్లు ఎలా నిలబడ్డాయి, అందులో మతం పాత్ర ఎంత అని. పోయిన నెల సామంతుల గురించి నాలుగు మాటలు రాశాను, బహుశా అందుకే కాబోలు. మిగతా ఉత్తరాలు వచ్చే నెలకు ఉంచి, ఈ నెలంతా వీటికే జవాబులు రాస్తున్నాను.

ప్రశ్న: మేడం, మా పుస్తకంలో ఫ్యూడల్ సమాజాన్ని పిరమిడ్ బొమ్మగా వేశారు. పైన రాజు, కింద ప్రభువులు, తర్వాత నైట్లు, అట్టడుగున రైతులు. మరి చర్చి అందులో ఎక్కడుంది? పోప్ గొప్పా, రాజు గొప్పా?
– డిగ్రీ విద్యార్థిని, గాజువాక

జవాబు: ఆ బొమ్మ నేనూ ముప్పై ఏళ్లు బోర్డు మీద గీశానమ్మా. ఏటా క్లాసులో ఎవరో ఒకరు నువ్వడిగిన ప్రశ్నే అడిగేవారు. అడిగినప్పుడల్లా నాకు సంతోషంగా ఉండేది. ఎందుకంటే ఆ బొమ్మలో ఉన్నది ఒక్క నిచ్చెనే. నిజంగా ఉన్నవి రెండు.

మొదటిది భూమి నిచ్చెన. రాజు పెద్ద ప్రభువుకు కొంత భూమి ఇస్తాడు. దాన్ని ఫీఫ్ అంటారు. పుచ్చుకున్నవాడు రాజుకు వాసల్, అంటే సామంతుడు. యుద్ధం వస్తే ఇంతమంది గుర్రపు సైనికులతో వస్తానని మాట ఇవ్వాలి. ఆ మాట ఇచ్చే తీరు చూడాలి. మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ జోడించి, ప్రభువు చేతుల మధ్య పెట్టేవాడు. ఇకనుంచి నేను మీ మనిషిని అని చెప్పేవాడు. క్రైస్తవ ప్రార్థనలో అరచేతులు జోడించడం ఈ భంగిమ నుంచే వ్యాపించిందని చాలామంది చరిత్రకారులు అంటారు. మన తెలుగు బైబిల్లో దేవుణ్ణి 'ప్రభువు' అంటాం, భూమి ఇచ్చే దొరనూ 'ప్రభువు' అనే అంటాం కదా. లాటిన్‌లోనూ అంతే, ఇద్దరికీ 'డొమినుస్' అని ఒకటే మాట. ఒకే మాట రోజూ ఇద్దరికీ వాడుతుంటే, దొరకు ఎదురు చెప్పడం దేవుడికి ఎదురు చెప్పినట్టే అనిపించదూ?

రెండోది చర్చి నిచ్చెన. పోప్, ఆర్చిబిషప్, బిషప్, మఠాధిపతి, చివర ఊరి ఫాదర్. ఈ రెండు నిచ్చెనలూ విడివిడిగా ఉంటే గొడవే లేదు. కానీ బిషప్ దేవుడి మనిషే కాదు, పెద్ద భూస్వామి కూడా. రాజుకు సైనికుల్ని పంపాల్సినవాడు. మరి అతన్ని ఆ పదవిలో కూర్చోబెట్టేది ఎవరు? అతని చేతికి ఉంగరం, దండం ఇచ్చేది రాజా, పోపా? దీని మీదే జర్మనీ రాజు నాలుగో హెన్రీకీ ఏడో గ్రెగరీ పోపుకీ పడింది. 1076లో పోప్ హెన్రీని మతం నుంచి వెలివేశాడు. వెలి అంటే పూజకు రానివ్వకపోవడం ఒక్కటే అనుకోకు. రాజుకు సామంతులు చేసిన ప్రమాణాలు చెల్లవని కూడా ప్రకటించాడు. అంటే రెండో నిచ్చెన మీద నిలబడి మొదటి నిచ్చెన కాళ్లు లాగేశాడన్నమాట. 1077 జనవరిలో, మంచు కురుస్తుండగా, ఇటలీలో కనోసా కోట బయట హెన్రీ మూడు రోజులు చెప్పుల్లేకుండా నిలబడి క్షమాపణ వేడుకున్నాడు. పరీక్షలో ఇంతవరకే రాస్తారు. ఆ తర్వాతిది కూడా గుర్తుపెట్టుకో. 1084లో అదే హెన్రీ సైన్యంతో రోమ్‌లోకి వచ్చాడు, మరుసటి ఏడాది గ్రెగరీ పరాయిచోట తలదాచుకుని చనిపోయాడు. ఉంగరం, దండం చర్చి ఇవ్వాలి, భూమి అధికారం రాజు ఇవ్వాలి అని 1122లో జర్మనీలోని వోర్మ్స్‌లో రాజీ కుదిరింది. కాబట్టి పోప్ గొప్పా, రాజు గొప్పా అని ఎవరైనా అడిగితే, ఏ సంవత్సరంలో అని ఎదురు అడుగు.

ఇంకో సంగతి. చర్చి నిచ్చెన లోపల కూడా పుట్టుకే పనిచేసింది. బిషప్ కుర్చీలు ఎక్కువగా ప్రభువుల ఇళ్ల కొడుకులకు పోయేవి. ఇంగ్లండ్‌లో 1164 నాటి క్లారెండన్ నిబంధనల్లో చివరిది చదివితే నాకు ఇప్పటికీ కష్టంగా ఉంటుంది. విలన్ కొడుకు, అంటే దొర భూమికి కట్టుబడి ఉన్న రైతు కొడుకు, తాను పుట్టిన భూమి యజమాని ఒప్పుకోనిదే చర్చి గురువు కాకూడదు. దేవుడి సేవకు వెళ్లడానికి కూడా దొర సెలవు కావాలి. సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల మఠాల్లో పొలం పని చేసే సోదరులు వేరు, గానమందిరంలో ప్రార్థన చేసే సన్యాసులు వేరు. భోజనశాల వేరు, పడక వేరు, చర్చిలో కూర్చునే చోటు వేరు. మఠంలో చేరి అంతా వదిలేసుకున్నవాళ్లు కూడా ఆ తేడాను వదల్లేదు.

11వ శతాబ్దం మొదట్లో ఫ్రాన్స్‌లోని లాన్ ఊరి బిషప్ అడాల్బెరో తన రాజుకు ఒక కావ్యం రాసి ఇచ్చాడు. దేవుడి ఇల్లు ఒకటిలా కనిపిస్తుంది కానీ అందులో మూడు వర్గాలు, ప్రార్థించేవాళ్లు, యుద్ధం చేసేవాళ్లు, పనిచేసేవాళ్లు అని అందులో చెప్పాడు. నీ పుస్తకంలో ఈ ముక్క ఉండే ఉంటుంది. కానీ అదే కావ్యంలో ఆయన ఇంకో మాటా రాశాడు. సెర్ఫులు, అంటే దొర భూమికి కట్టుబడ్డ రైతులు, లేకపోతే స్వతంత్రుడెవడూ బతకలేడని, సెర్ఫును పోషిస్తున్నానని చెప్పుకునే యజమానిని నిజానికి పోషిస్తున్నది ఆ సెర్ఫేనని, వాడి కన్నీళ్లకు అంతులేదని. తెలిసే రాశాడు. తెలిసి కూడా ఆ మూడు మెట్లూ దేవుడు పెట్టినవే అన్నాడు.

ప్రశ్న: సెర్ఫ్ అంటే బానిసేనా? మన వైపు పాలేరుకీ అతనికీ తేడా ఏమిటి?
– రిటైర్డ్ ఉద్యోగి, భీమిలి

జవాబు: బానిస కాదండీ. బానిసను సంతలో అమ్మొచ్చు. సెర్ఫ్ సాధారణంగా భూమితో పాటే చేతులు మారేవాడు. అతనికి గుడిసె ఉంటుంది, కొద్దిపాటి చెక్క ఉంటుంది, పెళ్లాం పిల్లలు ఉంటారు. కానీ వారంలో రెండు మూడు రోజులు దొర పొలంలో కూలి లేకుండా పనిచేయాలి, కోతల రోజుల్లో ఇంకా ఎక్కువ. ఊరు వదిలి పోకూడదు. కూతురికి పెళ్లి చేస్తే దొరకు రుసుం కట్టాలి. పిండి దొర మరలోనే ఆడించాలి, ఆడించినందుకు కొంత ధాన్యం వదులుకోవాలి. పండినదాంట్లో పదోవంతు చర్చికి.

వీటన్నిటిలో నన్ను ఎక్కువగా కలచివేసేది చావు పన్ను. ఇంగ్లండ్ పల్లెల్లో ఇంటిపెద్ద చనిపోతే ఇంట్లో ఉన్న పశువుల్లో మేలైనది దొరకు పోతుంది. దాని పేరు హెరియట్. రెండో మేలైనది ఊరి ఫాదర్‌కు. బతికున్నప్పుడు ఆ మనిషి పదోవంతులో ఏమైనా తక్కువ ఇచ్చి ఉంటాడేమో, ఆ పాపం పోవడానికట. నేను పైన చెప్పిన ఆ రెండు నిచ్చెనలూ ఇక్కడ ఒకే గుమ్మం ముందుకొచ్చి నిలబడ్డాయి. శవం ఇంకా ఇంట్లోనే ఉంది. రెండు పశువులు వెళ్లిపోయాయి. మర్నాడు నాగలికి ఏది కడతారు?

ఇది చదివినప్పుడు నాకు మా నాన్నమ్మ గుర్తొస్తుంది. మాది పద్మనాభం దగ్గర పల్లె. మా తాత ఒక పెద్దరైతు ఇంట్లో కంబారి, అంటే పాలేరు. చట్టం ప్రకారం ఆయన్ని ఎవరూ కట్టేయలేదు. తొలి ఏకాదశికి కుదిరితే మళ్లీ తొలి ఏకాదశికి మానేయొచ్చు, కాగితం మీద అంతే. కానీ పెళ్లికి తెచ్చిన అప్పు తీరలేదు, తీరకుండా మానడానికి లేదు. వేరే ఊరు పోదామని నాన్నమ్మ అంటే 'అప్పుండగా ఎలగెల్తామే' అనేవాడట. ముత్తాత పోయిన పదోరోజున ఆ పెద్దరైతు మనుషులు వచ్చి బాకీ కింద పాడిగేదెను తోలుకుపోయారు. దూడను వదిలేశారు. గుంజకు పలుపు అలాగే వేలాడుతుంటే నాన్నమ్మ చాలా రోజులు దాన్ని విప్పనివ్వలేదట. నాకు ఈ సంగతి చెప్పేటప్పుడు ఆవిడ గేదె గురించి కాదు, ఆ పలుపు గురించే చెప్పేది.

తేడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. సెర్ఫును కట్టింది పుట్టుక, దొర కోర్టు. పాలేరును కట్టింది అప్పు. దానికి కులం తోడు. కట్టుకొయ్య వేరు, పలుపు ఒకటే.

ప్రశ్న: చెస్‌లో బిషప్ ఎందుకున్నాడు టీచర్? యుద్ధంలో ఫాదర్‌లు ఉంటారా?
– ఏడో తరగతి, ఎంవీపీ కాలనీ

జవాబు: భలే అడిగావు నాన్నా. ఆట మన దేశంలో పుట్టింది, పర్షియా, అరబ్బుల మీదుగా యూరప్ చేరింది. మొదట అక్కడ ఉన్నది ఏనుగు. యూరప్ వాళ్లకు ఏనుగు తెలియదు, వాళ్లు రోజూ రాజు పక్కన చూసేది బిషప్‌నే. అందుకని ఇంగ్లిష్‌లో ఏనుగు కాస్తా బిషప్ అయింది, మంత్రి రాణి అయింది. మనం మాత్రం ఆ బిషప్‌ను శకటు అంటాం, మూలన ఉన్నదాన్ని ఏనుగు అంటాం.

1831లో స్కాట్లండ్‌లోని లూయిస్ దీవిలో పాత చదరంగం బొమ్మలు దొరికాయి. 12వ శతాబ్దానివి, ఎక్కువగా వాల్రస్ దంతంతో చెక్కినవి. ఇంటర్నెట్‌లో అమ్మానాన్నలతో కలిసి చూడు. రాజుకు మొహం ఉంది, రాణి చెంపకు చెయ్యి ఆనించి దిగులుగా కూర్చుంది, బిషప్ చేతిలో దండం ఉంది. బంట్లకు మాత్రం మొహం లేదు, వట్టి రాళ్లలా ఉంటాయి. ఎందుకలా చెక్కారో నువ్వే ఆలోచించి నాకు రాయి.

ప్రశ్న: మన దేశంలో ఫ్యూడలిజం ఉందా లేదా? ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంది, ఎగ్జామ్‌కు ఏది రాయాలో టెన్షన్‌గా ఉంది. కాకతీయులు తమను శూద్రులమని రాసుకున్నారంటారు, నిజమేనా? శూద్రులు రాజులైతే కుల అంతరం లేనట్టే కదా?
– పోటీ పరీక్షల అభ్యర్థి, మద్దిలపాలెం

జవాబు: టెన్షన్ వద్దు బాబూ, రెండు వాదాలూ రాయి, ఏది ఎందుకు అన్నది రాయి. రాజులు బ్రాహ్మణులకు, గుళ్లకు, తర్వాత అధికారులకు భూములు దానం చేసి, ఆ భూముల మీద పన్ను, న్యాయం కూడా వదిలేయడంతో రాజ్యాధికారం ముక్కలైందని, రైతు ఆ మధ్యవర్తుల కిందికి దిగజారాడని రామ్ శరణ్ శర్మ వాదించారు. యూరప్‌లోలా ఇక్కడి రైతు చట్టం ప్రకారం భూమికి బందీ కాదు, తన నాగలి, తన ఎద్దులు, తన సాగు మీద తనకే అదుపు ఉంది, కాబట్టి ఆ పేరు అతకదని హర్బన్స్ ముఖియా అన్నారు. నా వరకు, పేరు ఏది పెట్టినా రైతు ఇంట్లోంచి వెళ్లింది ఏమిటో లెక్కతీయడం ముఖ్యం.

కాకతీయుల సంగతి. వాళ్ల కాలపు శాసనాల్లో చాలావాటిలో వర్ణం మాటే ఉండదు. ఉన్న కొన్నిచోట్ల నాలుగో కులమని ఉంటుంది. గణపతిదేవుడి 1244 నాటి మోటుపల్లి శాసనంలో మాత్రం వంశాన్ని సూర్యుడి దాకా తీసుకెళ్లారు. అంటే సందర్భాన్ని బట్టి. సైన్యానికి మనుషుల్ని తెచ్చే నాయకులకు ఊళ్లు ఇచ్చే నాయంకర పద్ధతి వాళ్ల కాలంలోనే గట్టిపడింది. యూరప్ ఫీఫ్‌కు దగ్గరగా మన దగ్గర కనిపించేది అదే.

కాకతీయ రాజ్యం పడిపోయాక వచ్చిన నాయకుల్లో సింగమ నాయకుడు వేయించిన అక్కలపూడి శాసనం ఉంది, 1368 నాటిది. అందులో ఒక వాదన చేశారు. మొదటి మూడు వర్ణాలూ దేవుడి ముఖం, భుజాలు, తొడల నుంచి పుట్టాయి. నాలుగోది పాదాల నుంచి. ఆ పాదాల నుంచే గంగ పుట్టింది. ముల్లోకాలనూ పవిత్రం చేసే గంగకు తోడబుట్టిన వర్ణం మిగతా మూడింటికంటే పవిత్రమని వేరే చెప్పాలా? ఎంత తెలివైన మాటో చూడు. తమను కిందకు తోసిన కథలోంచే తమను పైకి లేపే మెట్టు చెక్కుకున్నారు. నేను మొదటిసారి ఇది చదివిన రోజు లైబ్రరీలో కుర్చీలోంచి లేచి పక్కనున్న ఆవిడకు చదివి వినిపించాను.

కానీ నీ రెండో మాట ఒప్పుకోను. నిచ్చెన మీద ఎక్కినవాడు మారితే నిచ్చెన పోయినట్టు కాదు. దాక్షారామం భీమేశ్వరాలయం శాసనాలు చదువు. అక్కడ అఖండదీపాల దానాలు చాలా ఉన్నాయి. తల్లిదండ్రుల పుణ్యం కోసమో, తన పుణ్యం కోసమో ఒక సామంతుడో, రాణో, వర్తకుడో దీపం పెడతారు. దానికి నెయ్యి రావాలి కదా, గొర్రెల్నో ఆవుల్నో ఇస్తారు. శాసనం మొదట్లో దాత బిరుదులు వరసగా ఉంటాయి. చివరి పంక్తుల్లో ఒక బోయ, అంటే పశువుల కాపరి, పేరు ఉంటుంది. ఈ పశువుల్ని చేకొని ఫలానా బోయడు రోజూ మానెడు నెయ్యి పోయాలి, తన కొడుకులు, మనవలు కూడా పోయాలి, సూర్యచంద్రులు ఉన్నంతకాలం. పుత్రపౌత్రికంగా, ఆచంద్రార్కంగా. పెళ్లిపిలుపుల్లో దీవెనలా వాడుకునే మాటలు కదా ఇవి. అక్కడ పుట్టని మనవడి మీద కూడా పడ్డ బాకీ అవి. వాన పడని ఏడు, గొర్రెలకు రోగం వచ్చిన ఏడు ఆ మానెడు నెయ్యి ఎక్కణ్ణుంచి తెచ్చారో శాసనం చెప్పదు. బోయకు ఆ మంద వల్ల ఆదాయమూ ఉంది, కాదనను. పాలు, ఉన్ని, పెరిగిన పిల్లలు అతనివే. కానీ మానేసే వీలు మాత్రం శాసనంలో లేదు.

దీనికి పక్కనే ఇంకోటి పెట్టి చూడాలి, లేకపోతే అన్యాయం చేసినవాళ్లమవుతాం. రుద్రమదేవి కాలపు మల్కాపురం శాసనం, 1261. మన సింధియా దగ్గరి మల్కాపురం కాదు, అమరావతి వైపు మందడం పక్కది. విశ్వేశ్వర శివాచార్యుడనే శైవగురువుకు రాణి ఊరు దానం చేస్తే, ఆయన గుడి, మఠంతో పాటు సత్రం, వైద్యశాల, ప్రసూతిశాల పెట్టాడు. సత్రంలో బ్రాహ్మణుడి నుంచి చండాలుడి దాకా ఎవరొచ్చినా అన్నం పెట్టాలని చెక్కించాడు. 760 ఏళ్ల కిందట కాన్పులకు శాల! అదే శాసనం ఎవరికి ఎంత భూమి అన్నది మెట్లవారీగానే పంచింది. అన్నం దగ్గర తెరిచిన తలుపు భూమి దగ్గర తెరవలేదు. రెండూ ఒకే రాయి మీద ఉన్నాయి.

ప్రశ్న: చందనోత్సవం రోజు సింహాచలంలో గంటల తరబడి లైన్లో నిలబడ్డాను. దేవుడి దగ్గర కూడా ముందు కొందరు, వెనక కొందరు ఎందుకమ్మా? ఇది రాజుల కాలం నుంచే ఉందా?
– గృహిణి, గోపాలపట్నం

జవాబు: ఎండలో నిలబడ్డ మీ కాళ్ల నొప్పి నాకు తెలుసమ్మా, నేనూ నిలబడ్డాను. టికెట్ లైన్లు మన కాలానివి. కానీ గుడిలో వరస అనేది పాతదే. తొలి తీర్థం ఎవరికి, శఠారి ఎవరికి, పరివట్టం ఎవరి తలకు అన్నదాన్ని బట్టే ఆ ప్రాంతంలో ఎవరు పెద్దో జనానికి తెలిసేది. ఇప్పటికీ చందనం తీసిన రోజు తొలి దర్శనం అనువంశిక ధర్మకర్తల కుటుంబానిదే, విజయనగరం పూసపాటి వారిది.

రాజులు దేవుడి పక్కన నిలబడటానికి ఎందుకంత తాపత్రయపడ్డారో మన ప్రాంతమే చెబుతుంది. కళింగను ఏలిన గాంగరాజు మూడో అనంగభీముడు 13వ శతాబ్దంలో రాజ్యం పూరీ జగన్నాథుడిదని, తాను ఆయన రౌతును మాత్రమేనని ప్రకటించుకున్నాడు. రౌతు అంటే ఆయన తరఫున ఏలే సేవకుడు. ఇంతకుముందు గాజువాక అమ్మాయికి చెప్పిన సామంత ప్రమాణం లాంటిదే, కాకపోతే ఇక్కడ ప్రభువు సాక్షాత్తూ దేవుడు. అది వినయమే, నేను శంకించను. కానీ ఆ వినయం వల్ల ఒకటి జరిగింది. అప్పటినుంచి రాజును ధిక్కరించిన సామంతుడు దేవుణ్ణి ధిక్కరించినవాడయ్యాడు. ఆయన కొడుకు మొదటి నరసింహదేవుడే కోణార్క్ కట్టించింది, మన సింహాచలం గుడికి ఇప్పటి రూపం ఇచ్చింది కూడా ఆయన కాలమే. 1516లో శ్రీకృష్ణదేవరాయలు గజపతులతో యుద్ధం చేస్తూ ఈ కొండెక్కి స్వామికి నగలిచ్చి శాసనం వేయించాడు. గుళ్లో మీరు కౌగిలించుకునే కప్పస్తంభం పేరు కూడా కప్పం నుంచే వచ్చిందని మన వైపు చెబుతారు. కప్పం అంటే సామంతుడు రాజుకు కట్టేదే కదా.

అయితే మీరు లైన్లో వెనక నిలబడ్డారు, మా నాన్నమ్మ ఆ లైన్లోనే లేదు. మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం వచ్చింది 1947లో. అంతకుముందు ఆవిడ కొండ కింద నుంచే దణ్ణం పెట్టుకుని వచ్చేసేది. చట్టం వచ్చాక కూడా కొన్నేళ్లు పైకి వెళ్లడానికి ధైర్యం చాల్లేదట. నన్ను ఎత్తుకుని మొదటిసారి మెట్లెక్కినప్పుడు చెప్పులు కొండ కిందే వదిలేసిందట. మీకు ఈ వరస తప్పనిపించడం మంచిదే. అనిపించిందని రాయడం ఇంకా మంచిది.

ప్రశ్న: అన్ని వందల ఏళ్లు ఎవరూ ఎదురు తిరగలేదా? జనం నిజంగా నమ్మారా?
– ఉక్కునగరం నుంచి ఒక పాఠకుడు

జవాబు: నమ్మినవాళ్లూ ఉన్నారు, నమ్మినట్టు తలొంచినవాళ్లూ ఉన్నారు, తిరగబడ్డవాళ్లూ ఉన్నారు. మన పల్నాటి వీరగాథలో బ్రహ్మనాయుడి చాపకూడు గుర్తుచేసుకోండి. అన్ని కులాల వీరులూ ఒకే చాప మీద తిన్నారని, మాల కన్నమదాసును ఆయన కొడుకులా చూసుకున్నాడని ఇప్పటికీ పాడతారు. ఎదురు తిరగడం అంటే కత్తి ఎత్తడమే కానక్కర్లేదు, ఎవరి పక్కన కూర్చుని తిన్నావన్నది కూడా.

యూరప్ సంగతికొస్తే, 1348–49లో ప్లేగు వచ్చి ఇంగ్లండ్‌లో మూడోవంతుకు పైగా జనం పోయారు. పనివాళ్లు తక్కువయ్యారు, కూలి పెంచమన్నారు. ప్లేగుకు ముందున్న కూలే ఇవ్వాలని 1351లో చట్టం చేశారు. దానిమీద యుద్ధ ఖర్చుకు తలపన్ను. 1381 వేసవిలో పల్లెలు లేచాయి. జాన్ బాల్ అనే ఫాదర్ వాళ్లకు బోధించాడు. ఆదాము తవ్వుతుంటే, హవ్వ నూలు వడుకుతుంటే అప్పుడు దొర ఎవడు అని అడిగాడు. చూశారా, అంతరం దేవుడు పెట్టాడని చెప్పిన బైబిల్‌లోంచే అంతరం లేదని తీశాడు. మన అక్కలపూడి శాసనం గంగను తీసినట్టు. కాకపోతే సింగమ నాయకుడు తన వర్ణాన్ని పైకి జరిపాడు, జాన్ బాల్ అసలు పైమెట్టే వద్దన్నాడు. తిరగబడ్డవాళ్లు లండన్‌లో కాంటర్‌బరీ ఆర్చిబిషప్‌ను చంపేశారు. ఆయనే రాజుకు ఛాన్సలర్, అంటే పెద్ద మంత్రి కూడా. రెండు నిచ్చెనల పైమెట్టు మీదా ఒకే మనిషి. ఆ హత్యను నేను సమర్థించను. కానీ వాళ్ల కోపం ఎటు పోయిందో తెలుస్తుంది.

నా మనసులో నిలిచిపోయింది మాత్రం లండన్ కాదు, సెయింట్ ఆల్బన్స్ అనే ఊరు. అక్కడ దొర మఠాధిపతే. ఊరి జనం పిండి మఠం మరలోనే ఆడించాలి. జనం ఇళ్లలో తిరగళ్లు పెట్టుకుని చాటుగా విసురుకునేవారు. 1330ల ప్రాంతంలో అప్పటి మఠాధిపతి ఇళ్లు సోదా చేయించి ఆ తిరగళ్లన్నీ లాక్కున్నాడు. లాక్కుని పారేయలేదు. మఠంలో తన కొలువుగదికి నేలగా పరిపించాడు. వచ్చినవాళ్లు తమ వంటింటి రాళ్ల మీద నిలబడి ఆయనకు దణ్ణం పెట్టాలి.

తిరగలి ఎలాంటిదో మీ ఇంట్లో పెద్దవాళ్లు చూసే ఉంటారు. మా నాన్నమ్మ తిరగలి పైరాయికి గూటం దగ్గర ఒక చిన్న నొక్కు ఉండేది. చోళ్లు విసిరేటప్పుడు ఆవిడ చిటికెనవేలు అలవాటుగా అక్కడే ఆనేది. ఎన్ని వందలసార్లు తిప్పితే రాయికీ చేతికీ అంత చనువు వస్తుంది! అలాంటి రాయిని ఒకరు తీసుకెళ్లి కాళ్ల కింద వేసుకున్నారు.

యాభై ఏళ్లు ఆ నేల అలాగే ఉంది. లాక్కున్న రోజున చిన్నపిల్లలుగా ఉన్నవాళ్లు ముసలివాళ్లయ్యారు. 1381 జూన్‌లో జనం మఠంలోకి వచ్చి, ఆ గదిలోకి వెళ్లి, ఆ రాళ్లను పెకలించారు. ముక్కలు చేసి, చర్చిలో ఆదివారం పవిత్రమైన రొట్టె పంచుకున్నట్టు తలా ఒక ముక్క పంచుకుని ఇళ్లకు పట్టుకెళ్లారు. ఇది రాసిపెట్టింది తిరగబడ్డవాళ్లు కాదు, ఆ మఠానికే చెందిన, వాళ్లంటే గిట్టని సన్యాసి థామస్ వాల్సింగ్‌హామ్. గిట్టకపోయినా రొట్టె పోలిక ఆయనకే తట్టింది.

తిరుగుబాటు వారాల్లోనే అణిగిపోయింది. జులై 15న జాన్ బాల్‌ను అదే సెయింట్ ఆల్బన్స్‌లో ఉరితీశారు. తిరుగుబాటు వేళ వాళ్లకు రాజు ఇచ్చిన హామీ పత్రాలు రద్దయ్యాయి. కానీ కూలీల కొరత పోలేదు, దొరలు పాత పద్ధతిలో పని చేయించుకోలేకపోయారు, తర్వాతి వందేళ్లలో ఇంగ్లండ్‌లో సెర్ఫ్ పద్ధతి చాలావరకు కరిగిపోయింది. ఆ రాతిముక్కలు ఎవరి ఇంట్లోంచి వెళ్లాయో తిరిగి ఆ ఇంటికే చేరాయా, చేతికి దొరికిన ముక్క పట్టుకెళ్లారా అన్నది వాల్సింగ్‌హామ్ రాయలేదు. తనవాళ్ల రాయి ముక్క కోసం ఆ గుట్టలో వెతుక్కున్న ఒక ముసలామె నాకు ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుంది.